సర్కారు ఐవీఎఫ్ నిలవలేదు, ఆ తర్వాత ప్రైవేటు ఆసుపత్రి ఎట్లా ఎంచుకున్నాం



ఈ పేజీలో మామూలుగా టమోటా, మామిడి, ఆవుల సంగతులే రాస్తా ఉంటా. ఈసారిది వేరే. పొడుగ్గా కూడా ఉంటుంది, తీరిక ఉన్నప్పుడు చదవండి. కొన్ని నెలలుగా నలుగురైదుగురు నన్ను ఒకటే అడుగుతా ఉండారు: "అన్నా, మీరు గవర్నమెంటు ఆసుపత్రిలో ఐవీఎఫ్ చేయించుకున్నారంట గదా, నిలవలేదంట గదా, ఆ తర్వాత ప్రైవేటుకు ఎట్లా పోయినారు, యాడికి పోయినారు?" ఫోనులో రెండు ముక్కల్లో చెప్పే సంగతి కాదు. అందుకే రాస్తా ఉండా.

మా ఇంటామెను అడిగే రాస్తా ఉండా. రెండు షరతులు పెట్టింది. తన పేరు రాయకూడదు. చివరికి ఏమైంది అనేది రాయకూడదు. "అది మన ఇంటి మాట. ఎట్లా ఎంచుకున్నామో అంతవరకే రాయి" అనింది. సరే అన్నా. కాబట్టి కింద శుభవార్త కోసం వెతకొద్దండి.

మాది బంగారుపాళెం దగ్గర పల్లె. 2014లో పెండ్లి. అప్పుడు ఆమెకు 24, నాకు 29. రెండేండ్లు ఎవరూ ఏమీ అనలేదు. మూడో ఏడు నుంచి మొదలైంది. మాయమ్మ నోరు తెరిచి తిట్టే మనిషి కాదు. కానీ పక్కింటి పిల్లోడిని ఎత్తుకోని మా వాకిట్లోకి వచ్చి నిలబడేది. అదే చాలు.

మా చుట్టుపక్కల మహాభారతం ఉత్సవాలు తెలిసినవాళ్లకు అర్జున తపస్సు గురించి చెప్పనక్కర లేదు. తెలియనివాళ్లకు చెప్తా. ద్రౌపదమ్మ గుడి ముందర ఎత్తైన తపస్సు మాను నాటుతారు. అర్జునుడి వేషం కట్టిన ఆయన పద్యాలు పాడుకుంటా మెట్టు మెట్టుగా పైకెక్కుతాడు. పిల్లల్లేని ఆడవాళ్లు తడి చీరలతో మాను చుట్టూ నేలమీద సాష్టాంగం పడుకుంటారు. పైనుంచి ఆయన నిమ్మకాయలు, విభూతి విసురుతాడు. అవి ఒళ్లో పడితే పిల్లలు పుడతారని నమ్మకం. మా ఇంటామె మూడేండ్లు వరసగా పడుకునింది. ఎండాకాలం, నేల కాలతా ఉంటే. నేను మాను పక్కనే నీడలో నిలబడి చూసినా. భక్తిని ఎగతాళి చేయడానికి ఇది చెప్పడం లేదు, మేమిద్దరం ఇప్పటికీ ఆ గుడికి పోతాం. ఆమె మూడుసార్లు నేలమీద పడుకునింది, అప్పటికి నేను ఒక్కసారి కూడా డబ్బాలో శాంపిల్ ఇచ్చి రాలేదు. ఆ సంగతి చెప్పడానికే ఇదంతా చెప్పినా.

మన దగ్గర ఆవు ఎదకొస్తే సూది వేయిస్తాం. చూడి నిలవలేదు. ఇంకోసారి వేయిస్తాం. మళ్లీ నిలవలేదు. అప్పుడు ఏమంటాం? "స్ట్రా మంచిది కాదబ్బా, వేరే ఎద్దుది తెప్పించు" అని డాక్టరును మనమే అడుగుతాం. మూడోసారికి గానీ ఆవు మీద అనుమానం రాదు. ఆవుల విషయంలో ఇంత తెలివి ఉన్న నేను ఇంట్లో ఏడేండ్లు ఆమెకు మాత్రమే స్కానింగులు, రక్తపరీక్షలు చేయిస్తా వచ్చినా. 2019లో చిత్తూరులో ఒక డాక్టరమ్మ "మీ ఆయన రిపోర్టు ఏదమ్మా?" అని అడిగితే ఇంటామె నా మొహం చూసింది. నేను "నాకేం, బాగుండాను మేడం" అన్నా. ఆ మాట ఇప్పటికీ నాకు వినపడతా ఉంటుంది.

మధ్యలో కరోనా వచ్చింది, సాకు దొరికింది. చివరికి 2021లో చేయించుకున్నా. మిల్లీలీటరుకు 40 లక్షలు వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింది హద్దుగా చెప్పేది కోటీ 60 లక్షలు. కదలిక కూడా తక్కువే. రిపోర్టు చేతిలో పెట్టుకోని చిత్తూరు గాంధీ బొమ్మ దగ్గర అరగంట బండి మీదనే కూర్చున్నా. ఇంటికొచ్చి చెప్పలేదు. పదకొండు రోజులు చెప్పలేదు. పన్నెండో రోజు ఆమె దూడకు పాలు తాపిస్తా ఉంటే రిపోర్టు తీసుకోనిపోయి చేతికిచ్చినా. చదివింది. "ఇంగ నన్ను ఆ మాను కింద పడుకోబెట్టొద్దు" అనింది. అంతే. తిట్టి ఉంటే బాగుండు అనిపించింది.

ఇక్కడ రైతులకు ఒక పక్కమాట. 1977లో అమెరికాలో, కాలిఫోర్నియాలోని లాత్రాప్ అనే ఊళ్లో, నెమటోడ్స్ మందు తయారుచేసే ఫ్యాక్టరీ ఉండేది. అదే, మన టమోటా వేళ్లకు బుడిపెలు తెప్పించే పురుగు. అక్కడ పనిచేసేవాళ్లు తమలో చాలామందికి పిల్లలు పుట్టడం లేదని వాళ్లలో వాళ్లే మాట్లాడుకుని పరీక్షలు చేయించుకుంటే, కొందరికి వీర్యకణాలు బాగా తక్కువ, కొందరికి అసలు సున్నా. ఆ మందు పేరు డీబీసీపీ. 1979లో అక్కడ దాదాపు అన్ని వాడకాలూ ఆపేసినారు. నేను కొట్టేది ఆ మందు కాదు. నా కౌంటు తగ్గింది మందుల వల్లే అని ఏ డాక్టరూ నాకు చెప్పలేదు, చెప్పలేరు కూడా. కానీ పదిహేనేండ్లు మూతికి గుడ్డ కూడా లేకుండా, వీపు మీద ట్యాంకు కారతా ఉంటే, చొక్కా తడిసిపోయేదాకా కొట్టినోడిని నేను. డాక్టరమ్మ చెప్పింది ఒకటే: వీర్యకణం తయారు కావడానికి రెండున్నర నెలలు పడుతుంది, చికిత్సకు ముందు మూడు నెలలు మందుకొట్టే పని వేరేవాళ్లకు అప్పగించు, బీడీ మానెయ్. టమోటా నారు నాటినాక మొదటి కోతకు పట్టే కాలమే అది. లెక్క నాకు బాగా అర్థమైంది.

ఇంక సర్కారు సంగతి.

ఆరోగ్యశ్రీ కార్డు పెట్టి చేయించుకోవచ్చు గదా అని చాలామంది అడుగుతారు. మాకు కార్డు పనికి రాలేదు. ఆయుష్మాన్ భారత్‌లో కూడా సంతానలేమి చికిత్సలను కలపలేదు. సర్కారు ఆసుపత్రుల్లోనే చేసే చోట్లు కొన్ని ఉండాయి. హైదరాబాద్ గాంధీ ఆసుపత్రిలో 2023లో ఫెర్టిలిటీ సెంటర్ ప్రారంభించినారు. గోవా మెడికల్ కాలేజీలో కూడా అదే ఏడాది మొదలైంది. మేం పోయింది ఈ రెండూ కాదు, వేరే ఊరు. పేరు రాయను.

ఇంకో సంగతి తెలుసా? మన దేశంలో డాక్టర్లు కాగితాల మీద పక్కాగా రుజువు చేసిన మొదటి టెస్ట్ ట్యూబ్ బిడ్డ పుట్టింది ఏ కార్పొరేట్ ఆసుపత్రిలోనో కాదు. 1986 ఆగస్టు 6న, బొంబాయి మునిసిపల్ కార్పొరేషన్ నడిపే కేఈఎం ఆసుపత్రిలో. డాక్టర్ ఇందిరా హిందుజా వాళ్లు చేసినారు. అంతకుముందే 1978 అక్టోబరులో కలకత్తాలో డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ్ చేసి చూపించినా, ఆయన్ను నమ్మకపోగా వేధించినారు. 1981లో ప్రాణం తీసుకున్నాడు. ఇది చదివినప్పుడు నాకు రాత్రి నిద్ర పట్టలేదు. సర్కారు ఆసుపత్రిలో మొదలైన విద్య ఈరోజు లక్షలు పెడితే గానీ అందని సరుకైపోయింది.

సర్కారు ఆసుపత్రిలో మా పేరు రాసుకున్నాక ఏడు నెలలు ఆగినాం. 2024 మేలో వంతు వచ్చింది. పన్నెండు రోజులు ఇంజెక్షన్లు. పొద్దున్నే స్కానింగ్ వరుసలో నిలబడాల. లాడ్జి గదిలో ఫ్రిజ్ లేదు, ఇంజెక్షన్లు లాడ్జి ఎదురుగా కూల్‌డ్రింక్ అంగడాయన ఫ్రిజ్‌లో పెట్టుకునేవాళ్లం. ఆయన ఒక్కరోజు కూడా డబ్బు అడగలేదు. ఆరు అండాలు వచ్చినాయి. అందులో పక్వమైనవి నాలుగు. ఫలదీకరణ అయినవి రెండు. మూడో రోజున రెండూ గర్భంలో పెట్టినారు. ఫ్రీజ్ చేయడానికి ఏమీ మిగల్లేదు. పద్నాలుగో రోజు రక్తపరీక్ష. నిలవలేదు.

చికిత్సకు వాళ్లు డబ్బు తీసుకోలేదు. బయట కొన్న మందులు, లాడ్జి, బస్సులు, తిండి అన్నీ కలిపి 38 వేలు అయింది. ఆ డాక్టర్ల మీద, నర్సుల మీద నాకు ఒక్క మాట కూడా లేదు. అంత రద్దీలో కూడా అక్కడి డాక్టరమ్మ కూర్చోబెట్టి చెప్పింది: "మళ్లీ పేరు రాసుకుంటాను. కానీ ఎనిమిది తొమ్మిది నెలలు పడుతుంది. మీ ఆమె ఏఎంహెచ్ 1.1 ఉంది. అంటే అండాల నిల్వ తగ్గుతా ఉంది. మీకు స్తోమత ఉంటే నాకోసం ఆగొద్దండి." సర్కారు డాక్టరు ఆ మాట చెప్పాల్సిన పని లేదు. చెప్పింది. నాకు ఆమె మీద గౌరవం ఇంకా పెరిగింది.

వచ్చేటప్పుడు మేం చేసిన తెలివైన పని ఒక్కటే. ఫైలు మొత్తం జిరాక్స్ అడిగి తెచ్చుకున్నాం. రసీదులు కాదు. ఏ రోజు ఏ ఇంజెక్షన్ ఎంత డోసు ఇచ్చినారు, ఎన్ని అండాలు, ఎన్ని పక్వం, పిండాల గ్రేడు ఏమి, పిండం పెట్టిన రోజు గర్భసంచి లోపలి పొర మందం ఎంత, అవన్నీ ఉండే కాగితాలు. అడిగితే ఇస్తారు. మీరు అడగండి. ఆ కాగితాలు లేకపోతే రెండో చోట మళ్లీ సున్నా నుంచి మొదలుపెడతారు, పోయిన పంట ఏ తెగులుతో పోయిందో చెప్పకుండా మందు అడిగినట్టు.

ఏడాది పాటు ఏమీ చేయలేదు. ఆమె వద్దనింది. నేను అడగలేదు. 2025 ఏప్రిల్‌లో ఆమే అనింది, "ఇంకొక్కసారి. నాకు 35 వచ్చింది. ఈ ఏడు కాకపోతే ఇంగ వద్దు" అని.

డబ్బు? మామిడి మీద వస్తుందనుకున్నాం. మీకందరికీ గుర్తుండే ఉంటుంది 2025 సీజను. తోతాపురికి ధర పడిపోయి, కిలోకు ఫ్యాక్టరీలు 8, సర్కారు 4, మొత్తం 12 రూపాయలు అని ప్రకటించినారు. మాకు 18 టన్నులు. కాగితం మీద 2 లక్షల 16 వేలు. చేతికి వచ్చేది ఎప్పుడో ఎవరికీ తెలియదు. ఫ్యాక్టరీ గేటు ముందర ట్రాక్టరులో రెండు రాత్రులు పడుకున్నా. కాయ మగ్గతా ఉంది, లైను కదలడం లేదు. అప్పుడు ఆమె ఫోన్ చేసి, "రెండు ఆవులు అమ్మేద్దాం" అనింది. మా ఇంట్లో పాల డబ్బు ఆమెది. ఆ ఆవులు ఆమె డ్వాక్రా లోను తీసుకోని కొన్నవి. లక్షా 30 వేలకు పలమనేరు వైపు వాళ్లు తోలుకోనిపోయినారు. నేను ఆరోజు ఇంట్లో లేను, కావాలనే లేను.

అంటే మా చేతిలో ఉండేది ఒకే ఒక్క ప్రయత్నానికి సరిపడే డబ్బు. తప్పు చోట పెడితే అయిపోయినట్టే. అందుకే మూడు చోట్ల తిరిగి చూసి గానీ రూపాయి కట్టకూడదనుకున్నాం.

మొదటిది తిరుపతిలో. మెయిన్ రోడ్డు మీద పెద్ద బోర్డు, నవ్వే పాప బొమ్మ. లోపల ఏసీ, కాఫీ. డాక్టరు కంటే ముందు కౌన్సెలర్ అనే అమ్మాయి కూర్చోబెట్టింది. మంచిగానే మాట్లాడింది. "మా సక్సెస్ రేటు 80 శాతం సార్. ఈ వారంలో కడితే ప్యాకేజీలో 20 వేలు తగ్గింపు. ఈఎంఐ కూడా ఉంది." ఎరువుల అంగట్లో కూడా ఇంత తొందరపెట్టరు. నేను అడిగినా, "80 శాతం అంటే దేన్లో 80 శాతం అమ్మా?" ఆ అమ్మాయికి ప్రశ్న అర్థం కాలేదు. నాకూ అప్పటికి సగమే అర్థమై ఉండింది. తర్వాత తెలుసుకున్నది చెప్తా.

వందమంది చికిత్స మొదలుపెడితే అందరికీ పిండం పెట్టేదాకా రాదు. పెట్టినవాళ్లలో కొందరికే రక్తపరీక్ష పాజిటివ్ వస్తుంది. వచ్చినవాళ్లలో కొందరికి గుండె చప్పుడు వినపడకముందే పోతుంది. చివరికి బిడ్డను ఇంటికి తీసుకుపోయేవాళ్లు ఇంకా తక్కువ. రక్తపరీక్ష లెక్క చెప్తే పెద్ద అంకె వస్తుంది. బిడ్డ లెక్క చెప్తే చిన్న అంకె. దాత అండాలతో చేసినవి కూడా కలిపేస్తే ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే అవి చిన్న వయసు ఆడవాళ్ల అండాలు. బాగా లెక్కలు రాసే దేశాల్లో కూడా సొంత అండాలతో, 35 లోపు వయసులో, ఒక ప్రయత్నానికి బిడ్డ పుట్టేది సుమారు మూడింట ఒక వంతు మందికే. 40 దాటితే బాగా పడిపోతుంది. నారు ఎన్ని మొలకెత్తినాయో చెప్పి దాన్నే దిగుబడి అంటే ఒప్పుకుంటామా మనం?

అదే చోట ఇంకో కాగితం ఇచ్చినారు. "అదనపు సేవలు." గర్భసంచి పొరను కొంచెం గీకడం, పిండం అతుక్కోవడానికి జిగురు, ఇంకా ఏవో నాలుగు. ఒక్కోదానికి ఒక్కో రేటు. ఈ గీకడం గురించి న్యూజిలాండ్ వాళ్లు వేరే దేశాల డాక్టర్లతో కలిసి 1,300 మందికి పైగా ఆడవాళ్ల మీద పరీక్షించి 2019లో ప్రచురించినారు: దానివల్ల బిడ్డలు పుట్టే అవకాశం పెరగలేదు. బ్రిటన్‌లో అయితే ఇట్లాంటి అదనపు సేవలకు సర్కారు సంస్థే రంగులేసి మార్కులు ఇస్తుంది, ఏది పనిచేస్తుంది, ఏది చెయ్యదు అని. మనకు అట్లాంటిది లేదు. ఫలానా టానిక్ కొడితేనే పూత నిలుస్తుందని డబ్బా అంటగట్టే మనిషిని మనం గుర్తుపడతాం గదా, ఇక్కడా అంతే.

మాయమ్మకు ఒక భయం, మా మామకు ఒక ధైర్యం. మామ అనేది, "తూర్పు గోదావరిలో 74 ఏండ్ల ముసలామెకు కవలలు పుట్టలేదా, వీళ్లకేం తొందర?" అని. అది నిజమే. మంగాయమ్మ గారికి 2019 సెప్టెంబరులో గుంటూరులో పుట్టినారు. కానీ అవి వేరే దాత అండాలతో. ఇప్పుడు ఆ వయసులో చేయడం కుదరదు కూడా. 2021 చట్టం ప్రకారం ఆడవాళ్లకు 50, మగవాళ్లకు 55 దాటితే చేయకూడదు. మాయమ్మ భయం వేరే. 2025 జూలైలో సికింద్రాబాద్‌లో ఒక ఫెర్టిలిటీ సెంటర్ మీద కేసు పెట్టినారు గదా. సరోగసీ అని చెప్పి చేతికిచ్చిన బిడ్డ డీఎన్ఏ పరీక్షలో తమది కాదని తేలితే ఆ దంపతులు పోలీసుల దగ్గరికి పోయినారు. టీవీలో వారం రోజులు అదే. మేం సరిగ్గా అప్పుడే తిరగతా ఉండాం. మాయమ్మ అన్నం తినేటప్పుడు అనింది, "ఎవరి బిడ్డనో చేతికిస్తే ఎట్లరా?" నవ్వేసి ఊరుకునే మాట కాదు. అందుకే ఏ చోటికి పోయినా మొదట రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ చూపించమన్నా. ఏఆర్‌టీ చట్టం కింద రిజిస్టర్ కాని చోట ఈ పని చేయకూడదు. ఐవీఎఫ్ చేయాలంటే లెవెల్ 2 అని ఉండాల. లెవెల్ 1 అయితే ఐయూఐ వరకే. మన పేర్లు, మన శాంపిళ్లు ఎట్లా గుర్తుపెడతారు, ఇద్దరు మనుషులు చూసి సంతకం పెడతారా అని కూడా అడిగినా. ఒకచోట కోపం వచ్చింది వాళ్లకు. రానీ.

రెండో చోటు చెన్నైలో. చాలా మంచి ల్యాబు, చాలా మంచి డాక్టరు, దాంట్లో సందేహం లేదు. కానీ రెండు వారాల్లో ఏడెనిమిది సార్లు రావాలన్నారు, లేదంటే అక్కడే గది తీసుకోని ఉండాల. అప్పటికి ఇంట్లో ఇంకా మూడు ఆవులు, అమ్మకు మోకాళ్ల నొప్పులు. ఆమె అనింది, "పోయినసారి లాడ్జిలో పడుకున్నా చూడు, అట్లా ఇంగొకసారి నావల్ల కాదు." లాడ్జి గోడలు ఆమెకు ఇంకా గుర్తుండాయి. దాంతో అది తేలిపోయింది. అక్కడి డాక్టరు గురించి, అక్కడి లెక్కల గురించి ఇంక మాట్లాడుకోలేదు.

మూడోది కూడా తిరుపతిలోనే. చిన్నది. బోర్డు కూడా పెద్దగా లేదు. ఒక పెద్ద వయసు డాక్టరమ్మ. మా సర్కారు ఫైలు తీసుకోని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివింది. ఇరవై నిమిషాలు. మేం ఊరకే కూర్చున్నాం. చదివినాక అనింది, "మీ డాక్టరు చేసింది బాగానే చేసింది. నేను చేసి ఉన్నా ఇదే మందు మొదలుపెట్టి ఉండేదాన్ని. ఈసారి మాత్రం మందు మారుస్తాను, ఐదో రోజు దాకా పిండాన్ని పెంచి చూస్తాను. ఐదో రోజు దాకా ఏదీ రాకపోవచ్చు కూడా. అప్పుడు పెట్టడానికి ఏమీ ఉండదు. ఆ మాట ముందే వినండి."

నేను అదే ప్రశ్న అడిగినా, "ఎంత శాతం మేడం?" ఆమె కొంచెంసేపు ఆలోచించి, "మీ ఇద్దరి కాగితాలు చూస్తే, బిడ్డ ఇంటికొచ్చే అవకాశం వందకు 25 అనుకోండి. అంతకంటే ఎక్కువ చెప్తే అబద్ధం చెప్పినట్టు" అనింది.

బయటికొచ్చినాక నేను అన్నా, "80 అన్న చోట నుంచి 25 అన్న చోటికి వచ్చినాం." ఆమె నవ్వింది. ఏడాదిలో మొదటిసారి ఆసుపత్రి మెట్ల మీద నవ్వడం.

అయినా అక్కడికక్కడ కట్టలేదు. రెండోసారి పోయి ల్యాబు గురించి అడిగినా. ఇది చాలామంది అడగరు. పిండాలను చూసుకునే మనిషిని ఎంబ్రియాలజిస్టు అంటారు. కొన్ని చిన్న ఆసుపత్రుల్లో ఆ మనిషి ఊళ్లో ఉండరు. పదిమంది ఆడవాళ్లకు ఒకే తేదీకి కుదిరేటట్టు మందులిచ్చి, ఆ తేదీకి చెన్నై నుంచో బెంగళూరు నుంచో వచ్చి, పని చేసి పోతారు. అది తప్పనను. కానీ అండాలు ఆ తేదీకోసం ఆగవు గదా. ఈ చోట ఎంబ్రియాలజిస్టు రోజూ ఉంటాడు, ఎదురుగా వచ్చి మాట్లాడినాడు. కరెంటు పోతే ఏమి చేస్తారని అడిగినా. యూపీఎస్, జనరేటర్ రెండూ తీసుకుపోయి చూపించినాడు. పల్లెటూరోడు కరెంటు గురించే అడుగుతాడు అనుకోని ఉంటాడు. అనుకోనీ.

డబ్బు మాట కూడా రాయించుకున్నాం. ఏమేమి కలిసి ఉండాయి, ఏవి వేరే. ఇంజెక్షన్లు వేరే అని, ఫ్రీజింగ్ మొదటి ఏడాది కలిపే అని, పిండం రాకపోతే ఎంత వెనక్కి ఇస్తారో అని కాగితం మీద. మొత్తం మాకు 2 లక్షల 36 వేలు అయింది. ముందుగా గర్భసంచి లోపల కెమెరా పెట్టి చూడాలన్నారు. టీబీ కూడా చూస్తారు, మన దేశంలో గర్భసంచి టీబీ వల్ల నిలవనివి ఉంటాయంట. చూసినారు. ఏమీ లేదు. 14 వేలు అయింది. ఏమీ లేదని తెలుసుకోవడానికి 14 వేలా అని నేను లెక్కేసుకుంటా ఉంటే, "నీకు ఏమైనా ఉండాల్సిందా?" అని అడిగింది ఇంటామె.

ఒక తప్పు కూడా చెప్పాల. మూడు నెలలు మందు కొట్టకుండా ఉండమన్నారు గదా. రెండో నెలలో టమోటాకు ఊజీ వచ్చింది, కూలోళ్లు దొరకలేదు. పొద్దున్నే లేచి నేనే ట్యాంకు తగిలించుకున్నా. ఆమె మోటారు దగ్గరికి వచ్చి చూసింది. ఏమీ అనలేదు. ట్యాంకు నా వీపు మీద నుంచి తీసి, నీళ్లు పారబోసి, దాన్ని తీసుకోనిపోయి పశువుల కొట్టంలో పెట్టి తాళం వేసింది. ఆ ఏడు ఆ మడి సగం పోయింది.

ఇంతే మేం ఎంచుకున్న కథ. ఆసుపత్రి పేరు మాత్రం అడగొద్దండి. పేరు చెప్తే మీరు నేరుగా అక్కడికే పోతారు, ఈ ప్రశ్నలేవీ అడగరు. మీ కాగితాలు వేరే, మీ వయసు వేరే, మీకు దగ్గరి ఊరు వేరే. సర్కారు ఆసుపత్రిలో ఇంకా వంతు కోసం ఆగి ఉన్నవాళ్లు, వయసు తక్కువైతే, ఏఎంహెచ్ బాగుంటే, ఆగండి. మాలాగ ఆవులు అమ్ముకోవాల్సిన పని లేదు. నిలవకపోయినా అక్కడ నేర్చుకున్నది ఎక్కడికీ పోదు.

మొన్న మార్కెట్ యార్డులో ఒక తమ్ముడు నా పక్కన వచ్చి నిలబడినాడు. పెండ్లయి ఐదేండ్లు. అటూ ఇటూ చూసి, "అన్నా, మగోళ్ల టెస్టు చిత్తూరులో యాడ చేస్తారు, ఎవరికీ తెలియకుండా?" అన్నాడు. "ఎవరికీ తెలియకుండానా?" అన్నా. "మీ ఇంటామెకు కూడానా?" మాట్లాడలేదు. నా క్రేట్లు ఇంకా వేలం కాలేదు. గుమాస్తాకు చెప్పి, బండి తాళం తీసి, ఎక్కమన్నా.